ఎలుగుబంటి తిరిగే ఊరిలో క్షేమంగా ఉండడం ఎలా?



పాము కరిస్తే ఏం చేయాలో, కుక్క కరిస్తే ఏ సూది వేయించుకోవాలో మనలో చాలామందికి ఇప్పటికే తెలుసు. ఎలుగుబంటి మీదపడితే ఏం చేయాలో తెలిసినవారు మాత్రం తక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఉన్నవారికి ఇది తప్పక తెలిసి ఉండవలసిన విషయం. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో జీడితోటలు, కొబ్బరితోటలు, పనసచెట్లు, వాటి పక్కనే కొండలు, తుప్పలు ఉన్నాయి. ఎలుగుబంటి పగలు కొండల్లో పడుకుంటుంది, రాత్రి తోటల్లో తింటుంది. మనకు కూలి, కూడు దొరికేది ఆ తోటల్లోనే. తోటకు వెళ్లవద్దని ఎవరికీ చెప్పలేము. వెళ్లినవారు క్షేమంగా ఇంటికి రావడానికి ఏం చేయాలో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

మీలో కొందరు మీ మనిషిని మంచం మీద ఉంచుకొని ఇది చదువుతూ ఉండవచ్చు. అలాంటివారు ముందుగా "ఆసుపత్రిలో మీరు అడిగే ప్రశ్నలు" అన్న భాగం చదవండి. మిగిలినది తీరిక దొరికినప్పుడు చదివి, ఇంటికి వెళ్లాక ఇరుగుపొరుగువారికి చెప్పండి.

ఒక్క మాట అందరూ గుర్తుంచుకోవాలి. మన ఎలుగుబంటి మనిషిని తినడానికి రాదు. దగ్గరలో హఠాత్తుగా మనిషి కనిపిస్తే బెదిరి, తనను తాను కాపాడుకోవడానికి కొడుతుంది. కాబట్టి మనం వస్తున్నట్టు దానికి ముందుగా తెలిస్తే చాలా ప్రమాదాలు జరగవు.

దాని స్వభావం తెలుసుకుందాం

మన ప్రాంతంలో ఉండే ఎలుగుబంటికి ఒళ్లంతా నల్లని పొడవైన జూలు, ఛాతీ మీద తెల్లని మచ్చ ఉంటాయి. మగది 80 నుండి 145 కిలోల వరకు, ఆడది 55 నుండి 105 కిలోల వరకు బరువు ఉంటుంది. ముఖ్యమైన ఆహారం చెదపురుగులు, చీమలు, పండ్లు, తేనె. పుట్టలను తవ్వుకోవడానికే దానికి వేలి పొడవున గోళ్లు ఉన్నాయి. పై దవడలో ముందు రెండు పళ్లు ఉండవు. ఆ సందులోనుండి గాలి ఊది మట్టిని చెదరగొట్టి, చెదలను లోపలికి పీల్చుకుంటుంది. ఆ చప్పుడు నిశ్శబ్దంగా ఉన్నచోట 100 మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. తుప్పల వెనుకనుండి అలాంటి చప్పుడు వస్తే ముందుకు అడుగు వేయవద్దు, వచ్చిన దారినే వెనుకకు మళ్లండి.

దానికి వాసన పసిగట్టే శక్తి చాలా ఎక్కువ, చూపు తక్కువ, వినికిడి కూడా అంతంతమాత్రమే. పుట్టలో మూతి పెట్టి పీలుస్తున్నప్పుడు మన అడుగుల సవ్వడి దానికి వినపడదు. మనం బాగా దగ్గరికి వెళ్లేవరకు గమనించదు. గమనించేసరికి పారిపోయే వ్యవధి ఉండదు. వెంటనే మీదికి వస్తుంది.

పారిపోవచ్చు కదా, ఎందుకు మీదికి రావాలి అని మీరు అడగవచ్చు. ఈ జాతి ఎలుగుబంట్లు వేల ఏళ్లుగా పులులున్న అడవుల్లో బతికాయి. పులి ఎదురైనప్పుడు వెనుదిరిగి పారిపోతే చావు తప్పదు. ఎదురుతిరిగి కొడితేనే బతుకు. అలా వచ్చిన స్వభావమే మనిషి ఎదురైనప్పుడు కూడా పనిచేస్తుందని నిపుణులు చెబుతారు. దానికి మన మీద పగ లేదు. దాని భయమే మనకు ప్రమాదం.

తల్లి ఎలుగుబంటి ఎక్కువగా డిసెంబరు, జనవరి నెలల్లో గుహలో ఒకటి రెండు పిల్లలను పెడుతుంది. రెండు మూడు నెలల తరువాత పిల్లలను వీపుమీద ఎక్కించుకొని బయటికి వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే మార్చి నుండి మే వరకు, మనం జీడిపిక్కలు ఏరడానికి తోటలకు వెళతాం. వెంటనే పనసపండ్ల కాలం వస్తుంది. తల్లికి పిల్లల మీద ఆదుర్దా, మనకు పంట మీద ఆదుర్దా. అందుకే వేసవి నెలల్లో మరింత జాగ్రత్త కావాలి.

ప్రమాదం ఎక్కువగా ఉండే వేళలు, చోట్లు

- తెల్లవారుజామున, సాయంత్రం చీకటిపడే వేళ, రాత్రి. ఎలుగుబంటి తిరిగే సమయం ఇదే.
- మధ్యాహ్నం ఎండవేళ దట్టమైన తుప్పలు, మొగలిపొదలు, రాళ్ల సందులు. అక్కడ పడుకొని ఉండవచ్చు.
- చెదపుట్టలు, తేనెపట్లు, పండి రాలిన పనస, జీడి, నేరేడు, రేగు చెట్ల కింద.
- వేసవిలో నీరు మిగిలి ఉన్న చెరువులు, గుంటలు, నేలబావులు.
- గాలి హోరు, వాన, వాగు చప్పుడు ఉన్నచోట. మన అలికిడి దానికి, దాని అలికిడి మనకు వినపడవు.

తోటకు వెళ్లేటప్పుడు

1. ఒంటరిగా వెళ్లవద్దు. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి. పిక్కలు ఏరేటప్పుడు కూడా ఒకరికొకరు కనిపించే దూరంలో ఉండండి.

2. పూర్తిగా తెల్లవారిన తరువాత బయలుదేరండి. "ఆలస్యమైతే పిక్కలు వేరేవాళ్లు ఏరుకుపోతారు" అన్నమాట మేము చాలాసార్లు వింటాము. ఇరుగుపొరుగు తోటలవారు కూర్చొని, ఫలానా వేళకు ముందు ఎవరూ తోటలో దిగకూడదని కట్టుబాటు చేసుకుంటే ఆ పోటీ ఉండదు. ఇది గ్రామపెద్దలు, మహిళా సంఘాలు చేయగలిగిన పని.

3. దారిపొడవునా మాట్లాడుకుంటూ వెళ్లండి. కర్రతో నేలను తట్టండి. కర్రకు మువ్వలు కట్టుకుంటే ఇంకా మంచిది. మలుపు తిరిగేముందు, తుప్పల్లోకి వంగేముందు ఆగి గట్టిగా పిలవండి. చెవుల్లో పాటలు పెట్టుకొని నడవవద్దు.

4. తుప్పల్లోకి చేయిపెట్టి పిక్క ఏరేముందు దూరం నుండే కర్రతో తట్టి చూడండి.

5. తోటలో దారికి రెండువైపులా తుప్పలు నరికి ఉంచండి. నాలుగు బారల దూరం కనిపించినా ఉలికిపాటు తప్పుతుంది.

6. వెంట కుక్కను తీసుకువెళ్లవద్దు. కుక్క మొరిగి ఎలుగుబంటిని రెచ్చగొట్టి, భయపడి తిరిగి యజమాని దగ్గరికే పరుగెత్తుకొస్తుంది. వెనుక ఎలుగుబంటి కూడా వస్తుంది.

7. పిల్లలను చెట్టు నీడన ఒంటరిగా పడుకోబెట్టి పనిలోకి దిగవద్దు. ఒకరు కాపలా ఉండాలి.

8. అడవిపందుల కోసం కరెంటు తీగలు పెట్టవద్దు. ఆ తీగలకు ఎలుగుబంటితో పాటు తోటి రైతులు, పశువులు కూడా బలి అవుతారు. ఇది చట్టప్రకారం నేరం.

ఇంటి చుట్టూ, ఊరిలో

ఎలుగుబంటి వాసన పట్టుకొని వస్తుంది. తిండి దొరికితే రేపు మళ్లీ వస్తుంది. దొరకకపోతే వేరే దారి చూసుకుంటుంది. కాబట్టి వాసన లేకుండా చూసుకోవడమే మంచి కాపలా.

పిక్క తీసుకున్న తరువాత జీడిపండ్లను కుప్పలుగా వదిలేస్తాం. అవి పులిసి, ఆ వాసన చాలా దూరం వెళుతుంది. ఇళ్ల దగ్గర, దారి పక్కన కుప్పలు వేయవద్దు. గొయ్యి తీసి పూడ్చండి. పనసతొనలు ఒలిచిన తొక్కలకూ ఇదే పద్ధతి. ఇంటిపక్క చెట్టుకు పనసపండు పండేదాకా ఉంచకుండా పక్వానికి రాగానే కోసి లోపల పెట్టండి.

బెల్లం, నూనె, కొబ్బరి, పిండివంటలు తలుపు గట్టిగా ఉన్న గదిలో ఉంచండి. బడి వంటగది, అంగన్‌వాడీ కేంద్రం, గుడిలో ప్రసాదం ఉంచే గది తలుపులు రాత్రి వేసి ఉన్నాయో లేదో ఎవరో ఒకరు చూడాలి. ఎంగిలాకులు, మిగిలిన అన్నం వీధిలో పారవేయవద్దు.

రాత్రివేళ మరుగుదొడ్డినే వాడండి. ఆరుబయటకు వెళ్లే అలవాటు వల్ల ఎన్నో రోగాలు వస్తాయని మేము ఎప్పుడూ చెబుతూనే ఉంటాము. ఎలుగుబంట్లు తిరిగే ఊళ్లలో అది ప్రాణానికే ప్రమాదం. మరుగుదొడ్డి పెరటి చివర ఉంటే లైటు వేసి, తలుపు తీసి ఒక నిమిషం చూసి, దగ్గి, మాట్లాడి అప్పుడు బయటికి రండి. వేసవిలో ఆరుబయట నిద్రపోయేవారు అరుగు మీదనో, మేడ మీదనో పడుకోవాలి.

ఎలుగుబంటి ఊళ్లోకి వస్తే

ఇలాంటప్పుడు చాలామంది గాయపడుతుంటారు. ఎలుగుబంటి ఊళ్లోకి వచ్చిందనగానే జనం గుంపులుగా పోగవుతారు. కొందరు కర్రలతో తరుముతారు, కొందరు ఫోనులో వీడియో తీస్తారు. అన్నివైపులా మనుషులే కనిపించేసరికి దానికి పోయే దారి ఉండదు. అప్పుడు ఎవరు అడ్డువస్తే వారిమీద పడుతుంది.

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగుబంటి దాడిలో భార్యాభర్తలిద్దరూ మరణించారు, మరికొందరు గాయపడ్డారు. ఊరివారు ఆ ఎలుగుబంటిని కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒకరు మరణించారు, పలువురు గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు. అటవీ శాఖవారు పట్టుకున్న తరువాత ఆ ఎలుగుబంటి కూడా చనిపోయింది. రెండుసార్లూ అటు మనుషులకూ మేలు జరగలేదు, ఇటు జంతువుకూ మేలు జరగలేదు.

మీ ఊళ్లో అలా జరిగితే:

- అందరూ ఇళ్లలోకి వెళ్లి తలుపులు వేసుకోండి. పిల్లలను, వృద్ధులను లెక్క చూసుకోండి. కుక్కలను కట్టివేయండి.
- కొండవైపు, తోటవైపు దారి ఖాళీగా వదలండి. దారి కనిపిస్తే చీకటిపడ్డాక తానే వెళ్లిపోతుంది.
- అటవీ శాఖ బీట్ ఆఫీసరుకు, పోలీసులకు ఫోను చేయండి. బీట్ ఆఫీసరు నెంబరును పంచాయతీ ఆఫీసు గోడ మీద, బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించి ఉంచండి.
- రాళ్లు రువ్వవద్దు. గాయపడిన ఎలుగుబంటి మామూలు ఎలుగుబంటి కంటే చాలా ప్రమాదకరం.

ఎలుగుబంటిని చంపడం నేరమని కూడా తెలుసుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది పులి, ఏనుగులతో పాటు మొదటి షెడ్యూలులో ఉంది.

ఎదురుపడితే ఏం చేయాలి?

దూరంగా ఉండి మిమ్మల్ని గమనించకపోతే, చప్పుడు చేయకుండా వెనుకకు వెళ్లిపోండి.

దగ్గరలో ఉండి మిమ్మల్ని చూస్తూ ఉంటే పరుగెత్తవద్దు. చూడడానికి బద్ధకంగా కనిపించినా అది మనిషికంటే వేగంగా పరుగెత్తుతుంది. చెట్టు కూడా ఎక్కగలదు. దానివైపే ముఖం ఉంచి, నెమ్మదిగా, చిన్న గొంతుతో మాట్లాడుతూ ఒక్కొక్క అడుగు వెనుకకు వేయండి. వెనుక కాళ్లమీద లేచి నిలబడితే దాడి చేస్తోందని అనుకోవద్దు. వాసన చూడడానికి, బాగా చూడడానికి కూడా అలా నిలబడుతుంది.

మీదికి వచ్చేసినట్టయితే వెంటనే బోర్లా పడుకోండి. రెండు చేతుల వేళ్లు పెనవేసి మెడ వెనుక పెట్టుకోండి. మోచేతులతో ముఖం రెండువైపులా కప్పుకోండి. ముఖాన్ని నేలకు ఆనించండి. వీపుమీద సంచి ఉంటే తీయవద్దు, అదే డాలుగా పనిచేస్తుంది. తిప్పేయాలని చూసినా మళ్లీ బోర్లాకే తిరగండి. అది వెళ్లిపోయిందని అనిపించాక కూడా కొద్దిసేపు కదలకండి. ఎలుగుబంటి ఎక్కువగా గాయపరిచేది తల, ముఖం, కళ్లు, చేతులు. వీపు మీద గాయం మానుతుంది, పోయిన కన్ను తిరిగి రాదు.

చిన్నప్పుడు మనమందరం ఇద్దరు స్నేహితులు, ఎలుగుబంటి కథ విన్నాము. చచ్చినట్టు పడుకుంటే వాసన చూసి వెళ్లిపోయిందని ఆ కథలో ఉంటుంది. కదలకుండా పడుకోవడం మంచిదే. వెల్లకిలా పడుకుంటే మాత్రం ముఖం దానికి అప్పగించినట్టే. పిల్లలకు కథ చెప్పేటప్పుడు "బోర్లా" అన్నమాట కలిపి చెప్పండి.

కొందరి పిల్లలు అమెరికాలో ఉంటారు. అక్కడి నల్ల ఎలుగుబంటి ఎదురైతే చేతులు పైకెత్తి పెద్దగా కనిపించాలని, కేకలు వేయాలని, మీద పడితే తిరగబడాలని అక్కడివారికి నేర్పుతారు. అది వేరే జాతి. భయం వేస్తే చాలావరకు చెట్టెక్కి తప్పించుకుంటుంది. ఆ సలహా టీవీలో చూసి మన ఎలుగుబంటి దగ్గర పాటించవద్దు. మన దగ్గర చప్పుడు చేయవలసింది అది కనిపించక ముందు. దగ్గరలో కనిపించిన తరువాత నెమ్మదిగా ఉండాలి.

పక్కవారి మీద పడితే ఒక్కొక్కరుగా లాగడానికి వెళ్లవద్దు. రక్షించబోయినవారే తరువాత గాయపడుతుంటారు. అందరూ ఒకేవైపు చేరి, దూరం నుండి డబ్బాలు కొట్టి, కేకలు వేసి, రెండోవైపు దానికి దారి వదలండి.

గాయపడితే ప్రథమ చికిత్స

ఎలుగుబంటి వెళ్లిపోయిందని నిశ్చయం చేసుకున్న తరువాత గాయపడినవారిని సురక్షితమైన చోటికి చేర్చి 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చేలోపు చేయవలసినవి ఇవి.

1. ఊపిరి చూడండి. ముఖం మీద గాయమైతే రక్తం గొంతులోకి వెళ్లి ఊపిరి ఆడకపోవచ్చు. తెలివిలో ఉంటే ముందుకు వంచి కూర్చోబెట్టండి. తెలివి లేకపోతే మెడ మెలిపడకుండా ఒళ్లంతా ఒకేసారి తిప్పి పక్కకు పడుకోబెట్టండి. నోటిలో రక్తం, ఊడిన పళ్లు కనిపిస్తే తీసివేయండి.

2. రక్తం ఆపండి. ఉతికిన పంచెగుడ్డ, తువ్వాలు మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకోండి. మాటిమాటికి తీసి చూడవద్దు. గుడ్డ తడిస్తే దానిపైనే మరొకటి పెట్టండి. తల చర్మం లేచి వేలాడుతుంటే కోసి పారవేయవద్దు. ఉన్నచోటనే కప్పి కట్టు కట్టండి. డాక్టర్లు దాన్ని తిరిగి అతికించగలరు.

3. కన్ను దెబ్బతింటే తాకవద్దు, అదమవద్దు, చుక్కలు వేయవద్దు. కాగితం గ్లాసును కంటిపై బోర్లించి, కన్నుకు ఒత్తిడి తగలకుండా కట్టండి.

4. రక్తం అదుపులోకి వచ్చిన తరువాత చేతులు, కాళ్లు, వీపు మీద గాయాలను సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. ఇది రేబిస్ రాకుండా చేసే మొదటి చికిత్స. రక్తం ధారగా పోతున్నా, మనిషి స్పృహ తప్పుతున్నా కడగడం కోసం ఆలస్యం చేయకుండా ముందు ఆసుపత్రికి తీసుకురండి. మిగిలింది మేము చూసుకుంటాము.

5. చెవి, ముక్కు ముక్క తెగిపడితే వెతికి తీసుకురండి. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో మూతికట్టి, ఆ కవరును ఐసు మీద ఉంచండి. ముక్కను నేరుగా ఐసులో వేయవద్దు.

6. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు. మత్తు ఇచ్చి ఆపరేషను చేయవలసి రావచ్చు. దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి, ధైర్యం చెబుతూ ఉండండి.

చేయకూడనివి: పసుపు, కాఫీపొడి, సున్నం, కిరసనాయిలు, ఆకుపసరు గాయంలో పెట్టవద్దు. వాటిని కడిగి తీయడానికి మళ్లీ గాయాన్ని రుద్దవలసి వస్తుంది, చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ఊళ్లో కుట్లు వేయించవద్దు. తాయెత్తు కోసం, మంత్రం కోసం ఆగవద్దు. ఒకప్పుడు ఎలుగుబంటిని ఆడించేవారు ఊళ్లలోకి వస్తే భయం పోతుందని పిల్లలను దానిపై ఎక్కించి, దాని వెంట్రుకలతో తాయెత్తు కట్టించేవారు. ఆ ఆటలు ఇప్పుడు లేవు. ఆ వెంట్రుకలకు ఏ రోగాన్నీ తగ్గించే శక్తి లేదు.

ఆసుపత్రిలో మీరు అడిగే ప్రశ్నలు

"గాయం అంత పెద్దగా ఉంటే ఇంకా కుట్లు వేయలేదేమి, సిస్టర్?"
ఎలుగుబంటి గోళ్లలో, నోటిలో మట్టి, క్రిములు ఉంటాయి. ముందు గాయాన్ని బాగా కడిగి, చనిపోయిన కండను తీసివేసి, రేబిస్ మందు గాయంలోకి ఎక్కించాలి. ఆ తరువాతే కుట్లు. కొన్ని గాయాలను రెండు మూడు రోజులు తెరిచి ఉంచి అప్పుడు కుడతారు. ఇది నిర్లక్ష్యం కాదు, చికిత్సలో భాగం.

"కుక్క కాదు కదా, రేబిస్ సూదులు ఎందుకు?"
రేబిస్ కుక్కల ద్వారానే ఎక్కువగా వచ్చినా, పాలిచ్చే జంతువు ఏదైనా దానిని అంటించగలదు. అడవి జంతువు కరిచినా, గోళ్లతో చీల్చినా తీవ్రమైన తరగతి గాయంగానే చూడాలి. టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందును గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. టీకా చర్మంలోకి అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి అయితే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. మొదటి సూది వేసిన రోజే 0 రోజు. రేబిస్ లక్షణాలు మొదలైతే ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం. కాబట్టి గాయం మానిపోయింది కదా అని చివరి సూది మానవద్దు. తేదీలు కాలెండరు మీద గుర్తుపెట్టుకోండి. ధనుర్వాతం సూది దీనికి అదనం.

"ముఖం మళ్లీ మామూలుగా అవుతుందా?"
ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ. అందుకే అంత రక్తం పోయింది. అదే కారణం వల్ల ముఖం మీద గాయాలు త్వరగా మానుతాయి కూడా. ఎముకలు విరిగితే ప్లేట్లు, తీగలతో కలుపుతారు. చర్మం పోయినచోట వేరేచోటి చర్మం తీసి వేస్తారు. ఒక్క ఆపరేషనుతో పూర్తి కాకపోవచ్చు. మచ్చలు మిగలవచ్చు. ఎంతవరకు బాగుపడుతుందో మీ డాక్టరును అడిగి తెలుసుకోండి.

"దవడ కట్టేశారు, ఏం పెట్టాలి?"
పలచని జావ, గంజి, పప్పుతేట, పాలు, మజ్జిగ, వడకట్టిన పండ్లరసం, మెత్తగా చేసి పలచన చేసిన ఉడికించిన గుడ్డు. కొంచెం కొంచెంగా రోజుకు ఆరేడుసార్లు ఇవ్వండి. కూర్చోబెట్టి మాత్రమే తాగించండి. తాగించిన ప్రతిసారీ నోరు పుక్కిలింపించండి. వాంతి వచ్చేలా ఉంటే వెంటనే ముందుకు వంచి లేదా పక్కకు తిప్పి మమ్మల్ని పిలవండి.

"పరిహారం ఏమైనా వస్తుందా?"
అడవి జంతువు దాడిలో గాయపడినవారికి, మరణించినవారి కుటుంబానికి ప్రభుత్వం అటవీ శాఖ ద్వారా పరిహారం ఇస్తుంది. దాడి జరిగిన వెంటనే బీట్ ఆఫీసరుకు, పోలీసులకు తెలియజేయండి. ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం, బిల్లులు ఒక సంచిలో భద్రపరచండి. గాయం ఎలుగుబంటి వల్ల అయిందని చీటీలో రాసి ఉందో లేదో చూసుకోండి. కన్ను, చేయి పోతే వికలాంగుల ధృవపత్రానికి కూడా దరఖాస్తు చేయవచ్చు.

ఇంటికి వెళ్లాక

జ్వరం, గాయం నుండి చీము, దుర్వాసన, వాపు, కొత్తగా రక్తం రావడం, చూపు మసకబారడం, తలనొప్పితో వాంతులు — వీటిలో ఏది కనిపించినా చెప్పిన తేదీ వరకు ఆగకుండా తీసుకురండి.

కుట్లు తీసిన తరువాత కూడా మనసులో గాయం మిగిలి ఉంటుంది. రాత్రి ఉలిక్కిపడి లేవడం, చీకటిపడితే వణకడం, తోట పేరు వింటేనే చెమటపట్టడం చాలామందిలో కనిపిస్తుంది. దీనిని గాలి సోకిందని, పిరికితనమని అనవద్దు. చెప్పుకోవాలనుకుంటే వినండి, వద్దనుకుంటే గుచ్చిగుచ్చి అడగవద్దు. నిద్ర లేకపోవడం, భయం నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. దీనికి కూడా చికిత్స ఉంది.

అద్దం విషయంలో ఇళ్లలో తరచుగా ఇబ్బంది వస్తుంది. అద్దాలన్నీ దాచివేస్తే "నా ముఖం అంత భయంకరంగా ఉందా" అని రోగి అనుకుంటారు. బలవంతంగా చూపించడమూ మంచిది కాదు. అడిగిననాడు పక్కన కూర్చొని చూపించండి. చూడవచ్చిన చుట్టాలు "అయ్యో, ఎలాంటి ముఖం ఎలా అయింది" అని ఏడవకుండా గుమ్మంలోనే ముందుగా చెప్పి లోపలికి పంపండి. గాయపడినది తల్లి అయితే పిల్లలు దగ్గరికి రావడానికి జంకవచ్చు. "అమ్మ గొంతు అదే, చేయి అదే" అని చెప్పి, ముందు ఆమె చేయి పట్టుకోనివ్వండి. గాయపడినది పిల్లవాడైతే బడికి పంపేముందు టీచరుతో మాట్లాడండి.

తిరిగి తోటకు వెళ్లవలసిన రోజు వస్తుంది. మొదటిసారి పట్టపగలు, ఇంట్లోవారు ఒకరు తోడుగా, కొద్దిసేపటికే వెళ్లి రండి. తరువాత సమయం పెంచుకోవచ్చు.

గుర్తుంచుకోండి

1. ఎలుగుబంటి ఉలిక్కిపడితేనే కొడుతుంది. మన అలికిడి ముందుగా వినిపించాలి.
2. తోటకు పూర్తిగా తెల్లవారాక, గుంపుగా, కర్రతో.
3. పండ్ల కుప్పలు, ఎంగిలాకులు ఇంటిదగ్గర ఉంచవద్దు.
4. ఊళ్లోకి వస్తే చుట్టుముట్టవద్దు. పోయే దారి వదలండి.
5. మీదపడితే బోర్లా పడుకొని మెడ, ముఖం కాపాడుకోండి.
6. రక్తం ఆపడం, కడగడం, 108, రేబిస్ సూదులు అన్నీ పూర్తి చేయడం.

ఈ పుస్తకాన్ని ఇంటికి తీసుకువెళ్లండి. చదవడం రానివారికి చదివి వినిపించండి. జీడిపిక్కల కాలం మొదలవకముందే మీ వీధివారు ఒకచోట కూర్చొని, ఎవరు ఎవరితో కలిసి తోటకు వెళ్లాలో, ఏ వేళకు బయలుదేరాలో మాట్లాడుకోండి.